కూలి ఎవరిది, లెక్క ఎవరిది

ఆడవాళ్ల స్వేచ్ఛ గురించి మాట్లాడేటప్పుడు మనం ఒక వరసను అలవాటుగా చెప్పుకుంటాం. ముందు చదువు, చదువుతో ఉద్యోగం, ఉద్యోగంతో డబ్బు, డబ్బుతో స్వాతంత్ర్యం. వినడానికి తిరుగులేని మాటలాగే ఉంటుంది. నెల్లూరు తీరం చరిత్రను నిదానంగా చూస్తే మాత్రం ఈ వరస నిలబడదు. పెన్న డెల్టాలో కోవూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు కయ్యల్లో నాట్లు వేసిందీ, కలుపు తీసిందీ ఆడవాళ్లే. కోతల్లో మగవాళ్లతో సమానంగా వంగిందీ వాళ్లే. సముద్రపు ఒడ్డున పట్టపు పల్లెల్లో మగవాళ్లు వేట ముగించుకుని ఒడ్డు చేరగానే, ఆ చేపను గంపకెత్తుకుని ఊరూరా తిరిగి అమ్మి డబ్బు చేసింది ఆడవాళ్లే. పులికాట్ సరస్సు చుట్టుపక్కల యానాది స్త్రీలు పీతలు పట్టారు, కట్టెలు కొట్టి అమ్మారు, రైతుల పొలాల్లో కూలికి పోయారు. అంటే ఇక్కడి శ్రామిక స్త్రీలు అక్షరం ముక్క రాకముందు నుంచీ సంపాదిస్తూనే ఉన్నారు. సంపాదనే స్వాతంత్ర్యమైతే ఈ తీరంలో అందరికంటే స్వతంత్రులు వాళ్లే అయి ఉండాలి. కాలేదు. ఎందుకు కాలేదు? నా జవాబు ముందే చెబుతాను. లోటు సంపాదనలో లేదు, సంపాదించిన దాని మీద పట్టులో ఉంది. ఆ పట్టు తెచ్చింది చదువే, అందులో సందేహం లేదు. అయితే ప్రతి చదువూ దాన్ని తేలేదు. ఇంటి డబ్బు లెక్కను ఇంటి గడప దాటించి, నలుగురు ఆడవాళ్ల మధ్య పెట్టి మాట్లాడుకోనిచ్చిన చదువు మాత్రమే తెచ్చింది.

అక్షరానికీ ఆడమనిషి జీతానికీ ఈ జిల్లాలో తొలి ముడులు వేసినవాళ్లలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలున్నారు. శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. ఎన్నో ఏళ్ల పాటు ఆ మిషన్‌లో చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. మూసేద్దామన్న ఆలోచన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. తర్వాత 1876-78 నాటి పెద్ద కరువు పరిస్థితిని మార్చేసింది. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అక్కడి మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత మేర కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో అల్లాడుతున్న మాదిగ, మాల కుటుంబాలకు పని చూపించాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ సంఖ్య మత చరిత్రలో పదేపదే వినిపిస్తుంది. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది దాని వెనకాల నెమ్మదిగా జరిగింది: అంతమంది కొత్త సభ్యులకు బోధించడానికి, ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడడానికి, పిల్లలకు అక్షరాలు దిద్దించడానికి చదువుకున్న ఆడవాళ్లు కావలసివచ్చారు. బాలికల బోర్డింగు స్కూళ్లు ఆ అవసరంలో నుంచి ఎదిగాయి. బైబిలు స్త్రీ, పంతులమ్మ, నర్సు అన్న మూడు ఉద్యోగాలు అలా తయారయ్యాయి. ఊరి బావి దగ్గరకు రానివ్వని కులాల నుంచి వచ్చిన ఆడపిల్ల నెలనెలా జీతం పుచ్చుకోవడం అన్నది ఆ రోజుల్లో ఈ నేల మీద ఏ అగ్రహారంలోనూ, ఏ రెడ్ల లోగిలిలోనూ లేని సంగతి.

దీనికి ఎప్పుడూ వినపడే అభ్యంతరం ఒకటుంది. మిషన్ చదువు మతం కోసమే తప్ప ఆడవాళ్ల మేలు కోసం కాదని. ఉద్దేశం గురించి ఆ మాట చాలావరకు నిజం. కానీ ఒక సంస్థ ఏ ఉద్దేశంతో చదువు చెప్పిందన్నది ఒక ప్రశ్న, నేర్చుకున్నవాళ్లు ఆ చదువుతో ఏం చేసుకున్నారన్నది వేరే ప్రశ్న. రెండోదే చరిత్రకు ఎక్కువ అక్కరకొస్తుంది. అయితే ఈ ఉదాహరణకు మరో పరిమితి ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. మిషన్ జీతం ఒక్కో స్త్రీని ఒక్కొక్కదాన్నిగా పైకి తెచ్చింది. ఆమె జీతం ఆమె ఇంటిని నిలబెట్టి ఉంటుంది. వాడలో మిగిలిన కూలి స్త్రీల డబ్బు ఎటు పోతోందన్నది మాత్రం ఎవరి ప్రశ్నా కాలేకపోయింది.

అగ్రకులాల వైపు కథ వేరుగా నడిచింది. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో. ఆ తరం సంస్కర్తల తెగువను తక్కువ చేసే ఆలోచన నాకు లేదు. ఊరంతా వెలివేస్తానన్నా వెనక్కి తగ్గనివాళ్లు వాళ్లు. వాళ్ల మనసులో ఉన్న చదువుకున్న స్త్రీ మాత్రం మంచి ఇల్లాలు, మంచి తల్లి. ఇంటి ఖర్చు రాసుకోగల ఇల్లాలు వాళ్ల ఊహలో ఉంది, ఆస్తి పత్రం మీద సంతకం పెట్టే ఇల్లాలు లేదు. నెల్లూరులో ఆ రెండో రకం మనిషి కనిపించడానికి పొణకా కనకమ్మ దాకా ఆగాలి. ఆమె 1892లో మినగల్లులో పుట్టింది. ఊహ తెలిసీ తెలియని వయసులో పెళ్లయి, పొట్లపూడికి కాపురానికి వచ్చింది. బడికి వెళ్లి చదివిన చదువు కాదు ఆమెది, ఇంట్లో పట్టుబట్టి నేర్చుకున్నది. పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమానికి స్థలం సమకూర్చింది ఆమె. గాంధీ 1921 ఏప్రిల్ 7న వచ్చి దాన్ని ప్రారంభించాడు. రెండేళ్లకు, 1923లో, నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరీదేవి విద్యాలయం మొదలైంది. 1929లో గాంధీ మళ్లీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశాడు. స్వాతంత్ర్యోద్యమంలో ఆమె జైలుకూ వెళ్లింది.

కనకమ్మ గురించి రాసేవాళ్లు ఆమె దేశభక్తి దగ్గర, త్యాగం దగ్గర ఆగిపోతారు. ఆ త్యాగం సాధ్యం కావడానికి ఏం కావాలో ఒక్క క్షణం ఆలోచించాలి. ఆశ్రమానికి భూమి ఇవ్వాలంటే, బడి పెట్టాలంటే, నగలు తీసి ఇవ్వాలంటే, అవి ఇచ్చే అధికారం ఆ చేతిలో ఉండాలి. కలిగిన ఇంటి కోడలైనా, తన మాటకు ఇంట్లో విలువ తెచ్చుకున్నా, ఆ అధికారం కోసం ఆమె ఎంత ఓర్పు పట్టిందో ఆమె ఆత్మకథ 'కనకపుష్యరాగం' చదివితే తెలుస్తుంది. కనకమ్మ 1963లో చనిపోయింది. ఆ పుస్తకం పాఠకుల చేతికి వచ్చింది 2011లో. ఒక జిల్లాలో ఆడపిల్లల చదువుకు పునాది వేసిన మనిషి సొంత మాట దాదాపు అర్ధ శతాబ్దం అచ్చుకు నోచుకోలేదంటే అది మన సాహిత్య సమాజం తలదించుకోవలసిన విషయం.

కస్తూరీదేవి విద్యాలయంలో చదువుతో పాటు చేతిపనులకూ చోటుండేది. ఇది చిన్న సంగతిగా కనిపిస్తుంది గానీ, కందుకూరి కాలం నుంచి ఇక్కడికి వచ్చిన మార్పంతా అందులో ఉంది. ఆడపిల్ల చదువుకోవడంతో సరిపోదని, తన చేత్తో నాలుగు రూపాయలు తెచ్చుకోగలగాలని ఒక స్త్రీ నిర్ణయించి దానికి బడి కట్టింది. 1937లో దుర్గాబాయి మద్రాసులో నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభదీ ఇదే దారి. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లకు పరీక్షలు కట్టించి, ఏదో ఒక ఉద్యోగపు గడప తొక్కించడం దాని పని. అప్పటి నెల్లూరుకు మద్రాసే రాజధాని, రైలెక్కితే పూటలో చేరే నగరం. ఈ రెండు సంస్థల నీడలో చదువుకుని టీచర్లయిన ఆడవాళ్లు ఆ తర్వాతి తరం అమ్మాయిల చేత బడి గడప తొక్కించారు. వీటి మీద వచ్చే విమర్శ, ఇవన్నీ మధ్యతరగతికీ పైకులాలకూ పరిమితమయ్యాయన్నది, కొట్టిపారేయలేనిది. పొట్లపూడి కయ్యల్లో నాటు వేసే మనిషికి కస్తూరీదేవి విద్యాలయం గోడ బయట నుంచి కనిపించే గోడే. అయినా చదువును సంపాదనతో కలిపి ఆలోచించడం అనే అలవాటు ఈ ఊరికి ఒక స్త్రీ పేరు మీదుగా వచ్చిందన్నది కాదనలేం.

స్వాతంత్ర్యం వచ్చాక నడిచిన దశాబ్దాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. కాలేజీలు పెరిగాయి, డిగ్రీ చదివిన అమ్మాయిలు పెరిగారు. డెల్టాలో భూమి ఉన్న ఇళ్లలో మాత్రం చదువు చాలాసార్లు పెళ్లి సంబంధానికి ఒక అర్హతగా మారింది. చదివిన అమ్మాయికి అంతకంటే ఎక్కువ చదివిన వరుడు, ఆ వరుడికి ఎక్కువ కట్నం. కట్నాన్ని నిషేధిస్తూ 1961లో చట్టం వచ్చినా ఆ బేరం ఆగలేదు. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా జన్మతః హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1985లో చట్టం చేసింది. దేశం మొత్తానికి ఆ హక్కు రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. దేశానికి దారి చూపిన చట్టమది. అయినా పుట్టింటి పొలంలో వాటా అడిగిన ఆడపడుచు పుట్టిల్లు పోగొట్టుకుంటుందన్న భయం చట్టం కంటే బలంగా పనిచేసింది. చదువూ ఉంది, చట్టమూ ఉంది. పట్టు మాత్రం రాలేదు. చదువు ఒక్కటే చాలుననేవాళ్లు జవాబు చెప్పుకోవలసిన చోటు ఇదే.

ఇక కూలి ఇళ్ల సంగతి. కూలి గింజల్లో ముట్టిన రోజుల్లో ఆ గింజలు ఇంటికి వచ్చేవి, చాటలోకి, పొయ్యి మీదకి చేరేవి. కూలి డబ్బుగా మారాక ఆ డబ్బు ఇంటి దాకా రాకుండానే దారి మళ్లే వీలు పెరిగింది. ఆ మళ్లింపుకు ప్రభుత్వమే కాలువ తవ్వింది. 1980లలో వారుణి వాహిని పేరుతో సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో సరఫరా చేసే పద్ధతి వచ్చింది. అంతకుముందు సారా తాగాలంటే మనిషి కొట్టు దాకా నడిచిపోవాలి. ప్యాకెట్ వచ్చాక సారానే మనిషి దగ్గరకు నడిచొచ్చింది: ఇంటి గుమ్మానికి, పొలం గట్టుకు, అప్పు ఖాతాతో సహా. ఏటా వేలం పాడుకున్న కాంట్రాక్టరు తాను కట్టిన సొమ్ముకు రెట్టింపు రాబట్టాలి కాబట్టి అమ్మకం ఎక్కడా ఆగనిచ్చేవాడు కాదు. రాష్ట్ర ఖజానాకు వచ్చిన ఆబ్కారీ ఆదాయం 1970-71లో 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి 812 కోట్లు. ఇరవై ఏళ్లలో ఇరవై రెట్లు. ఈ కోట్లన్నీ ఎక్కడివో చూడాలి. మగవాడు తన కూలి తాగేశాక ఇల్లు గడిచింది భార్య కూలితో. ఆ కూలినీ కొట్టి లాక్కున్న ఇళ్లు లెక్కలేనన్ని. కాబట్టి ఖజానాకు చేరిన ప్రతి రూపాయిలో నాటు వేసిన ఆడమనిషి చెమట వాటా ఉంది. ఆమె సంపాదించేది, ఆమెకు తెలియని లెక్కలో ఆమె డబ్బు రాష్ట్రాన్ని నడిపేది.

అక్షరాలు ఈ ఇళ్లకు చేరింది సరిగ్గా అప్పుడే. జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988లో మొదలైంది. కేరళలోని ఎర్నాకుళం 1990లో సంపూర్ణ అక్షరాస్యత సాధించిన తొలి జిల్లాగా పేరు తెచ్చుకుంది. ఆ నమూనాలో నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరదీపం కార్యక్రమం ఊపందుకుంది. జనవిజ్ఞాన వేదిక లాంటి సంస్థల కార్యకర్తలు, టీచర్లు, జీతం లేని వాలంటీర్లు ఊరూరా తిరిగి పెద్దవాళ్లకు రాత్రి బడులు నడిపారు. కళాజాతాలు పాటలతో, ఆటలతో జనాన్ని కదిలించాయి. 1991 జనాభా లెక్కల్లో రాష్ట్రంలో చదవడం, రాయడం వచ్చిన స్త్రీలు నూటికి 33 మంది కూడా లేరు. మగవాళ్లలో 55 మంది. ఆ రాత్రి బడి ఎలా ఉండేదో ఊహించుకుంటే దాని బలం తెలుస్తుంది. పొద్దంతా పొలంలో ఉండి, వచ్చి వండి, పిల్లల్ని పడుకోబెట్టి, దీపం చుట్టూ చేరిన పది పదిహేను మంది ఆడవాళ్లు. పొలం పనిలో కలిసేవాళ్లే, బావి దగ్గర కలిసేవాళ్లే. కానీ పని చేయించే మేస్త్రీ గానీ, పిలిచే అత్తగారు గానీ లేకుండా, మాట్లాడుకోవడమే పనిగా కూర్చునే చోటు వాళ్ల జీవితంలో అదే మొదటిది. వాచకంలో పాఠాలూ వాళ్ల బతుకులోంచి తీసినవే. 'సీతమ్మ కథ' అన్న పాఠం తాగుబోతు భర్త ఇంట్లో ఆడదాని గతిని చెప్పింది. పదం నేర్చుకునేటప్పుడు ఆ పదం మీద చర్చ జరగాలన్నది పద్ధతి. చర్చ సారా మీదికి మళ్లడానికి ఎవరూ రెచ్చగొట్టనక్కర్లేదు.

కలిగిరి ప్రాంతంలోని దూబగుంటలో ఆ చర్చ పనిలోకి దిగింది. వర్ధినేని రోశమ్మ ముందు నిలబడగా ఊళ్లో ఆడవాళ్లు కలిసి సారా కొట్టు మూయించారు. ఈ ఊరి కథ 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పేరుతో తర్వాతి వాచకంలో పాఠంగా వచ్చింది. ఈ ఒక్క మలుపును నేను ఈ మొత్తం చరిత్రకు గుండెకాయ అనుకుంటాను. ఒక ఊళ్లో కూలి స్త్రీలు చేసిన పని అచ్చులో పాఠమై, వందలాది ఊళ్లలో అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న కూలి స్త్రీల చేతికి చేరింది. వాళ్లు చదివిన తొలి అచ్చు కథల్లో నాయికలు వాళ్లలాంటివాళ్లే, పక్క ఊరివాళ్లే. దూబగుంటలో అయింది మన ఊళ్లో ఎందుకు కాదన్న ప్రశ్నకు ఆ పుస్తకమే తోవ చూపింది. సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి మెట్ట దాకా ఆడవాళ్లు చీపుళ్లతో, కారప్పొడితో కొట్ల ముందు నిలబడ్డారు. ప్యాకెట్లు కుప్పపోసి తగలబెట్టారు. తాగొచ్చిన వాళ్లకు అన్నం పెట్టేది లేదన్నారు. కలెక్టరాఫీసు ముందు బైఠాయించారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు 17 సార్లు వాయిదా పడ్డాయి. ఆ కాలమంతా ఈనాడు పత్రిక ఉద్యమ వార్తలకు పెద్దపీట వేసింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధమైంది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రి అయిన ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరి 16న అది అమల్లోకి వచ్చింది.

ఈ ఉద్యమాన్ని తక్కువ చేసే వాదనలు మూడు తరచుగా వినిపిస్తాయి. మొదటిది: అక్షరదీపం సర్కారు కార్యక్రమం, వాచకం అధికారుల అనుమతితో వచ్చింది, కాబట్టి ఆడవాళ్లు ఎవరో చెబితే కదిలారు. ఈ వాదనకు ఖజానా లెక్కే జవాబు. అన్ని కోట్ల ఆదాయం పోగొట్టుకోవాలని ఏ ప్రభుత్వమూ పథకం వేయదు. పుస్తకం ఇచ్చిన రాజ్యమే ఆ పుస్తకం చదివినవాళ్లను వేలంపాట దగ్గర పోలీసులతో ఆపడానికి చూసింది. ఇచ్చినవాడి ఉద్దేశాన్ని దాటిపోయిన చదువుకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మన రాష్ట్రంలో ఇంకొకటి చూపించడం కష్టం. మిషన్ బడి దగ్గర అన్న మాటే ఇక్కడ మరింత పెద్ద కొలతలో రుజువైంది. రెండో వాదన: ఇది మద్యం మీద కోపమే తప్ప ఆర్థిక స్వాతంత్ర్యంతో దీనికి సంబంధం లేదు. కొట్ల ముందు నిలబడిన స్త్రీలు అడిగింది ఏమిటో వింటే ఈ మాట నిలవదు. మా కూలి డబ్బు మా ఇంటికి రావాలన్నది వాళ్ల పట్టు. తాగడం పాపమన్న నీతి వాదం బయటివాళ్లు తగిలించింది. కూడు, గుడ్డ, దెబ్బలు, అప్పు అన్నవి వాళ్ల సొంత మాటలు.

మూడోది గట్టి వాదన. సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తేశారు. బ్రాందీ షాపులు తిరిగి తెరుచుకున్నాయి, తర్వాతి కాలంలో బెల్టు షాపులు ఊరి వీధుల్లోకి వచ్చాయి. కాబట్టి ఓడిపోయిన ఉద్యమం అంటారు. మద్యం విషయంలో ఓటమి చాలామటుకు నిజం, దాన్ని దాచి పెట్టడం ఆ స్త్రీలకు గౌరవం కాదు. సారా ప్యాకెట్ మాత్రం మళ్లీ చట్టబద్ధంగా రాలేదు. అయితే ఈ ఓటమి ఇంకో సంగతి నేర్పింది. కొట్టు మూయించడం వల్ల వచ్చిన పట్టు ప్రభుత్వం మనసు మారేదాకానే ఉంటుంది. చేతిలో మిగిలిన డబ్బుకు సొంత చోటు కావాలి. నెల్లూరు ఆడవాళ్లు ఆ చోటును నిషేధం ఎత్తేయకముందే కట్టుకోవడం మొదలుపెట్టారు. 1993లో పొదుపులక్ష్మి పేరుతో జిల్లాలో పొదుపు సంఘాలు ఏర్పడ్డాయి. రోజుకు రూపాయి. సారాకు పోయే డబ్బులో ఒక్క రూపాయి పక్కన పెట్టుకోగలిగితే చాలునన్నది లెక్క. అక్షరదీపం కేంద్రాల్లో కలిసి కూర్చున్నవాళ్లే ఈ సంఘాల్లోనూ కలిసి కూర్చున్నారు. 1992లో నాబార్డు స్వయం సహాయక సంఘాలను బ్యాంకులకు జతచేసే ప్రయోగం మొదలుపెట్టింది. 1982 నుంచి డ్వాక్రా పథకం కాగితం మీద ఉంది. ఈ రెండూ రాష్ట్రంలో జీవం పోసుకోవడానికి నెల్లూరు అనుభవం ఎంతో తోడ్పడింది. 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం రావడంతో, సర్కారు రిజిస్ట్రారు పెత్తనం లేకుండా సంఘాలు సమాఖ్యలుగా నిలబడే వీలు దొరికింది.

సంఘం ఎలా నడుస్తుందో దగ్గరగా చూడాలి, ఎందుకంటే నా వాదనంతా అక్కడే తేలుతుంది. పది పన్నెండు మంది సభ్యులు, ఒక లీడరు, రెండో లీడరు. సమావేశం రోజున అందరూ గుండ్రంగా కూర్చుంటారు. పొదుపు సొమ్ము మధ్యలో చాప మీద పడుతుంది, అందరి కళ్ల ముందు లెక్కవుతుంది. ఎవరు ఎంత కట్టారు, ఎవరి అప్పు వాయిదా మిగిలింది, ఈ విడత అప్పు ఎవరికి అన్నవి బిగ్గరగా చదువుతారు. తీర్మానాల పుస్తకంలో రాసి, అందరూ సంతకాలు పెడతారు. వేలిముద్ర వేసే మనిషిని పక్కనున్న మనిషి చెయ్యి పట్టి పేరు దిద్దించే దృశ్యం ఈ సంఘాల్లో కొత్త కాదు. కొంగున ముడేసిన డబ్బుకూ, పోపుల డబ్బాలో దాచిన డబ్బుకూ దీనికీ తేడా ఇక్కడ ఉంది. అవి భర్తకు తెలిస్తే పోతాయి. ఇది ఊరంతటికీ తెలిసిన డబ్బు కాబట్టే భర్త లాక్కోలేడు. లాక్కుంటే పది మంది ఆడవాళ్ల ముందు జవాబు చెప్పాలి. రహస్యంగా ఉన్నంతకాలం ఆడవాళ్ల డబ్బుకు రక్షణ లేదు. బహిరంగమయ్యాక వచ్చింది. ఆ బహిరంగత పుస్తకం మీద నడుస్తుంది. పుస్తకం చదవగలిగిన వాళ్లమీద నడుస్తుంది. చదువు లేని సంఘాల్లో ఏం జరిగిందో కూడా చెప్పాలి. సభ్యుల్లో రాయగలిగినవాళ్లు లేనప్పుడు లెక్కలు రాసే పని లీడరు భర్తకో, ఊళ్లో చదివిన కుర్రాడికో పోయింది. పుస్తకం ఎవరి చేతికి పోతే పెత్తనం వాళ్ల చేతికి పోయింది. సంఘాల కుంభకోణాల వెనక ఈ సంగతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

పొదుపు సంఘాలంటే ఆడవాళ్ల నెత్తిన అప్పు పెట్టడమే, డబ్బు చివరకు మగవాళ్ల చేతికే పోతుంది అన్న విమర్శను తేలిగ్గా తోసేయడం నాకు ఇష్టం లేదు. 2000లో వెలుగు, తర్వాత ఇందిరా క్రాంతి పథం, 2004 నుంచి పావలా వడ్డీ వచ్చాక సంఘాలకు బ్యాంకు అప్పులు ఉధృతంగా పెరిగాయి. పొదుపు కోసం మొదలైన సంఘం అప్పు కోసం కూడే సంఘంగా చాలాచోట్ల మారిపోయింది. ఎన్నికల సభలకు జనాన్ని తరలించడానికి సంఘాలను వాడుకోని పార్టీ లేదు. పైగా ప్రైవేటు మైక్రో ఫైనాన్స్ సంస్థలు ఇవే సంఘాల అలవాటును ఆసరా చేసుకుని ఇల్లిల్లూ తిరిగి అప్పులిచ్చాయి. వారం వారం వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేని చావుల మధ్య 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తేవలసివచ్చింది. ఇదంతా నిజమే. కానీ ఈ నిజం నా వాదనను పడగొట్టదు, బలపరుస్తుంది. సంఘం పుస్తకంలో వడ్డీ శాతాన్ని తామే తీర్మానం చేసుకుని రాసుకున్న స్త్రీలకూ, చదవలేని పత్రం మీద సంతకం పెట్టి వారపు వాయిదా మోసిన స్త్రీలకూ మధ్య తేడా సంపాదనలో లేదు. పత్రంలో ఏముందో నలుగురిలో చర్చించే చోటు ఉండటం, లేకపోవటంలో ఉంది. అప్పు తీసుకుని భర్త చేతికే ఇచ్చినా, బ్యాంకులో పేరు తనది కావడం వల్ల ఇంట్లో ఆమెను అడగకుండా నడవని విషయాలు కొన్ని ఏర్పడ్డాయి. అది పూర్తి స్వాతంత్ర్యం అనను. సారా ఉద్యమానికి ముందు రోశమ్మ తరానికి అంత కూడా లేదు.

2011 జనాభా లెక్కల నాటికి నెల్లూరు జిల్లా స్త్రీలలో నూటికి దాదాపు 62 మంది అక్షరాస్యులు. దక్షిణాన తడ దగ్గర మాంబట్టు చెప్పుల కర్మాగారం, శ్రీసిటీ పరిశ్రమలు వచ్చాక, తెల్లవారుజామున కంపెనీ బస్సులు ఎక్కే ఇంటర్, డిగ్రీ చదివిన అమ్మాయిలు ఈ తీరానికి కొత్త దృశ్యం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి గానీ, ఆ బస్సుల్లో ఎక్కేవాళ్లు నాట్లు వేసిన అమ్మల, అమ్మమ్మల కూతుళ్లే, మనవరాళ్లే. జీతం నేరుగా సొంత ఖాతాలో పడుతోంది. ఇది గొప్ప మార్పు. అయితే ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉందన్న పాత ప్రశ్న కొత్త రూపంలో మిగిలే ఉంది. అమ్మమ్మకు రాత్రి బడి ఉంది, అమ్మకు సంఘం ఉంది. ఒక్కొక్కరుగా బస్సెక్కి ఒక్కొక్కరుగా దిగే ఈ అమ్మాయిలకు డబ్బు గురించి నలుగురితో కూర్చుని మాట్లాడుకునే చోటు ఇంకా ఏర్పడలేదు. అమ్మ సంఘంలో చేరేది పెళ్లయినవాళ్లు, సమావేశం పెట్టేది వీళ్లు షిఫ్టులో ఉండే వేళ. మిషన్ పంతులమ్మ దగ్గర కనిపించిన పరిమితే ఇక్కడా కనిపిస్తోంది: జీతం ఉంది, తోడు లేదు.

ఇంతకంటే వెనకబడిపోయినవాళ్లు యానాదులు. పులికాట్ నుంచి పెన్న దాకా చెరువు గట్లమీద, రొయ్యల గుంటల పక్కన కాపలా గుడిసెల్లో బతికే ఈ కుటుంబాలు పని వెంట ఊరు మారుతుంటాయి కాబట్టి పిల్లల బడి మధ్యలో తెగిపోతుంది. సంఘం కావాలంటే స్థిరమైన ఊరు కావాలి, ఆధార్ కావాలి, ఖాతా కావాలి. ఆ మూడూ లేని ఆడమనిషి రొయ్యల గుంట దగ్గర చేసిన పనికి కూలి తరచుగా భర్త పేరున తీసుకున్న అడ్వాన్సులోనే కలిసిపోతుంది. 1991లో దూబగుంట కూలి స్త్రీకి తన డబ్బు ఎటు పోతోందో తెలియని స్థితి ఎలాంటిదో, ఇవాళ గుంట గట్టు మీది యానాది స్త్రీది అదే స్థితి. జిల్లా యంత్రాంగం మళ్లీ ఎక్కడైనా రాత్రి బడి పెట్టదలచుకుంటే అది ఆ గట్ల మీదే మొదలవ్వాలి. చెప్పవలసిన మొదటి పాఠం అడ్వాన్సు కాగితంలో ఏం రాసి ఉందన్నది.